అప్పులవారి చెరసాలలో ఆటవిడుపు



1776వ సంవత్సరము వసంతకాలమున లండను నగరములోని ఫ్లీట్ చెరసాలకు జాన్ హోవర్డు అను పెద్దమనిషి చేతిలో చిన్న పుస్తకముతో విచ్చేసెను. ఆయన నేరస్థుడు కాడు, అధికారియు కాడు. మూడేండ్లకు మునుపు బెడ్‌ఫర్డు మండలమునకు షెరీఫుగా నియుక్తుడై, తన పాలనలోనున్న జైలును చూడబోయి, అచటి దురవస్థకు మనసు చెదరి, నాటినుండి దేశమందలి చెరసాలల నన్నింటిని ఒక్కొక్కటిగా చూచి, గదుల కొలతలను, ఖైదీల సంఖ్యలను, వారినుండి గుంజెడి రుసుములను లెక్క తప్పక వ్రాసికొనుటయే జీవితవ్రతముగా పెట్టుకొన్నవాడు. జైళ్లలోని దుర్గంధము ఆయన వస్త్రములకు పట్టి మూసిన బండిలో ప్రయాణము దుస్సహమగుచుండుటచే గుఱ్ఱముమీదనే తిరిగెడివాడు. ఆ చిన్న పుస్తకమునైనను నిప్పుసెగకు ఆరబెట్టినపిదప గాని చేతబట్టజాలకుండెడివాడు.

అట్టివాడు ఫ్లీట్ చెరసాల పెరటిలో చూచిన దృశ్యము, చెరసాల యనగానే మన మనస్సులో మెదలెడి సంకెళ్లకును చీకటికొట్లకును ఎంతమాత్రము పొసగనిది. కొందఱు కొయ్యముక్కలను వరుసగా నిలిపి బంతితో పడగొట్టెడి స్కిటిల్సు ఆడుచుండిరి. కొందఱు అరచేతితో బంతిని గోడకు కొట్టుచుండిరి. మఱికొందఱు టెన్నిసును, మిసిసిపీ అను బల్లయాటను ఆడుచుండిరి. ఆటగాండ్రందఱును ఖైదీలైనను కారు. ప్రక్కనున్న అంగడివీథినుండి వచ్చిన మాంసవిక్రేతలును ఇతరులును, ఊరిలోని యే పానశాలకో వచ్చినట్లు వచ్చి, వారితో కలసి ఆడుచుండిరి. సోమవారము రాత్రి ద్రాక్షసారాయి గోష్ఠి, గురువారము రాత్రి బీరు గోష్ఠి. రెండును అర్ధరాత్రము దాటి ఒంటిగంటవఱకు, రెండుగంటలవఱకు సాగెడివి. హోవర్డు ఇదంతయు వ్రాసికొని, చెరసాలకు వినోదార్థము వచ్చిపోవువారికి చెరసాల యనిన భయము సన్నగిల్లునని తన యభిప్రాయమును గూడ దానికి జోడించెను. ఆయన మాటలో నిజము లేకపోలేదు. కాని, ఆ వినోదమునకు వెల యెవరు చెల్లించిరి, దాని లాభమెవరు పొందిరి, దానికి దూరముగా నుంచబడినవారెవరు అను ప్రశ్నలకు సమాధానము కూడ ఆయన పుస్తకములోనే యున్నది.

ఫ్లీట్ దొంగల చెరసాల కాదు. దొంగలకును, దోపిడికాండ్రకును, ఉరికంబమునకు ఎదురుచూచువారికిని కొద్దిదూరములోనే న్యూగేటు కారాగారము కలదు. పండ్రెండవ శతాబ్దము నాటికే వెలసియున్న ఫ్లీట్ పదునెనిమిదవ శతాబ్దము నాటికి ప్రధానముగా ఋణగ్రస్తుల బందీగృహము. ఆనాటి ఇంగ్లీషు న్యాయము ననుసరించి, అప్పిచ్చినవాడు తనకు రావలసిన మొత్తమును ప్రమాణపూర్వకముగా చెప్పి ఉత్తరువు పొందినచో, విచారణ జరుగకమునుపే బాకీదారుని బంధింపవచ్చును. పట్టుబడినవానిని తిన్నగా చెరసాలకు కొనిపోక, ముందుగా అమీనా తన చేతిక్రింది యింటిలో నుంచి, అన్నపానములకు అధికమైన వెలలు పుచ్చుకొని, బంధుమిత్రులెవరైన వచ్చి విడిపింతురేమోయని కొన్నాళ్లు చూచెడివాడు. మహానిఘంటువును వెలయించి ఏడాదియైనను నిండని సామ్యూల్ జాన్సనంతటి పండితుడు 1756లో 5 పౌన్ల 18 షిల్లింగుల బాకీకై నిర్బంధింపబడి, నవలారచయితయగు రిచర్డుసనుకు చీటివ్రాసి, అతడు పంపిన 6 గినీలతో బయటపడెను. అట్టి మిత్రుడు లేనివాడు ఫ్లీట్ వాకిలి చూడక తప్పదు.

ఈ ధర్మములోని వైపరీత్యమును గమనింపుడు. ఋణగ్రస్తుని నిర్బంధము శాస్త్రరీత్యా శిక్ష కాదు. సొమ్ము చెల్లించువఱకు వానిని అట్టిపెట్టుట మాత్రమే. శిక్ష కాదు గనుక దానికి గడువు లేదు. దొంగకు శిక్షాకాలము ముగియు దినమొకటి యుండును. బాకీదారునకు అట్టి దినము లేదు. ఋణదాతకు దయ కలుగవలెను, లేదా పార్లమెంటు అప్పుడప్పుడు చేయుచుండిన ఋణవిమోచన శాసనములలో నొకటి తనకు వర్తింపవలెను, లేదా మృత్యువు రావలెను. పైగా, బయటనున్నచో పనిచేసి అప్పు తీర్పగలవానిని పనికి దూరముచేసి, అప్పు తీర్చిన గాని విడువమనుట! ఇట్లు పని పోయినవానికి మిగిలినది కాలమొక్కటియే. కృషి చేయువానికి విరామము శ్రమకు ఫలము. దానికొక మొదలు, ఒక తుద ఉండును గనుకనే అది మధురమగును. ఫ్లీట్ ఖైదీకి లభించిన విరామమునకు తుద లేదు. ఆ పెరటిలోని ఆటలను తుద లేని విరామమును గడుపుటకు మానవులు పడిన పాట్లుగా గ్రహించినచో, వానిలోని సందడి మనకు మఱియొక తీరుగా వినబడును.

ఇక చెరసాల పాలనను చూతము. ఆ కాలమున చెరసాల ప్రభుత్వధనముతో నడచునది కాదు. అది యొక వ్యాపారము. వార్డెను పదవిని సొమ్ము పెట్టి కొని, ఆ సొమ్మును వడ్డీతో గూడ ఖైదీలనుండి రాబట్టుకొనవలెను. జాన్ హగిన్సు అనునతడు ఆ పదవిని 5,000 పౌన్లకు కొని, 1728లో అంతే మొత్తమునకు థామస్ బాంబ్రిడ్జి అనువానికిని వాని భాగస్వామికిని అమ్మివేసెను. అట్టి పెట్టుబడి పెట్టినవానికి ఖైదీ మనిషిగా కనబడునా? లోనికి వచ్చుటకు రుసుము, మంచి గదికి రుసుము, పరుపునకు రుసుము, సంకెల తొలగించుటకు రుసుము, తుదకు ఋణదాత విడిచినను బయటికి పోవుటకు రుసుము! ప్రాచీనుల ఉద్యానగృహములనుగూర్చి ఒక చక్కని గ్రంథము ప్రకటించి అప్పులపాలైన రాబర్టు కాసెల్ అను వాస్తుశిల్పి, బాంబ్రిడ్జి అడిగిన సొమ్ము ఈయజాలనందున, మశూచికము వ్యాపించియున్న యింటికి బలవంతముగా తరలింపబడి, ఆ వ్యాధితోనే 1728 చివర మరణించెను. మృతుని మిత్రుడైన జేమ్సు ఓగ్లథార్పు పార్లమెంటు సభ్యుడగుటచే, ఆయన అధ్యక్షతన 1729లో విచారణసంఘ మేర్పడి, చెరసాలలోని ఘోరములు వెలుగులోనికి వచ్చెను. బాంబ్రిడ్జి పదవి కోల్పోయెను గాని, హత్యానేరమునుండి విడుదల పొందెను. ఓగ్లథార్పు మాత్రము అంతటితో ఆగక, దిక్కులేని పేదలకు క్రొత్త బ్రదుకు చూపవలెనను సంకల్పముతో అమెరికాలో జార్జియా వలసరాజ్యమును నెలకొల్పుటకు పూనుకొనెను.

ఆ విచారణసంఘము చెరసాలలో కూర్చుండిన దృశ్యమును చిత్రించినవాడు విలియం హోగార్తు. ఆ చిత్రకారునకు ఫ్లీట్ క్రొత్తది కాదు. ఆయన తండ్రి బడిపంతులు. లాటినుభాషలో సంభాషించువారికై ఒక కాఫీశాల తెఱచి, అది సాగక, అప్పులపాలై, కుమారుని బాల్యమున కొన్నియేండ్లు ఫ్లీట్ బందీగా గడపెను. కాబట్టియే, 1735లో వెలువడిన తన చిత్రమాలికలో, తండ్రియాస్తిని తగులబెట్టిన యువకుని ఏడవచిత్రమున ఫ్లీట్‌లో కూర్చుండబెట్టి, ఆ గదిలోని దైన్యమును ఎఱిగినవాని చూపుతో గీసెను. ఒకప్రక్క బీరు తెచ్చిన కుఱ్ఱవాడు పైకమునకు చేయి చాచుచున్నాడు. మఱొకప్రక్క జైలు మనిషి రుసుము అడుగుచున్నాడు. ధనార్జనకై ఆ యువకుడు వ్రాసిన నాటకమును నాటకశాలవారు త్రిప్పిపంపిరి. గదిలోని తోడిఖైదీ యొకడు, తన యప్పు తీర్పలేక లోనికి వచ్చినవాడు, దేశముయొక్క ఋణమును తీర్చుటకు ఒక పథకము వ్రాసి పెట్టుకొన్నాడు! తీరికయనునది మితిమీరినప్పుడు మనిషి బుద్ధి ఎట్టి త్రోవలు త్రొక్కునో ఈ చిత్రమున హాస్యముగా తెలియుచున్నది; కాని ఆ నవ్వు వెనుక హోగార్తు బాల్యమున్నది.

హోవర్డు చూచిన భవనము అంతకు కొన్నియేండ్లకు మునుపే పునర్నిర్మితమైనది. నాలుగు అంతస్తులు, వానిక్రింద నేలమాళిగ. ఒక్కొక్క అంతస్తున నడుమ 66 గజముల పొడవున నడవ, దానికి ఇరుప్రక్కల గదులు. ఒక్కొక్క గది పదునాలుగున్నర అడుగుల పొడవు, పండ్రెండున్నర అడుగుల వెడల్పు. ప్రతిగదికి ఒక కిటికీ, ఒక పొగగూడు. సామాను లేని గదికి వారమునకు 1 షిల్లింగు 3 పెన్నీల అద్దె. మొదటి అంతస్తున ప్రార్థనామందిరము, దానితోపాటు ఒక కాఫీగది, ఒక బీరు అంగడి. నేలమాళిగకు ఖైదీలు పెట్టుకొన్న పేరు బార్తలోమ్యూ తిరునాళ్లు. లండనులో ఏటేట జరుగు ఒక పెద్ద వేడుకసంతకు ఆ పేరుండెడిది. చెరసాలలో అధమమైన చోటునకు దానిని తగిలించిన మహాశయుడెవరో గాని, వాని చమత్కారమునకు కొదువ లేదు.

ఆనాడు చెరసాలలోనున్న ఋణగ్రస్తులు 213 మంది. సొమ్ము చెల్లించి, జామీను చూపి, గోడల వెలుపల నిర్ణీతమైన హద్దులలో కాపురముండుటకు అనుమతి పొందినవారు 30 మంది. వీరితో కూడ ఉన్న స్త్రీలును బిడ్డలును 475 మంది. అనగా, ఒక బాకీదారునకు ఇద్దఱు చొప్పున అపరాధమెఱుగనివారు ఆ చెరసాల లెక్కలో చేరిరి. భర్తను పట్టుకొనిపోగా అద్దెయింటి యజమాని భార్యను వీథిలోనికి నెట్టును; ఆమె బిడ్డలను వెంటబెట్టుకొని భర్తయున్న గదికే వచ్చును. అందుచేత, ఆ నడవలు సత్రపు వసారాలవలె వంటపొగతోను, బిడ్డల యేడ్పులతోను, వచ్చిపోవువారి పలుకులతోను నిండియుండెడివి. పగలంతయు సందర్శకులకు అడ్డు లేదు. రాత్రి తొమ్మిదిన్నర మొదలు కావలివాండ్రు, బయటికి పోవలసినవారెవరని కేకలువేయుచు తిరిగెడివారు. సెయింటు పాల్సు దేవాలయపు గడియారము పదికొట్టగానే ద్వారము మూయబడెడిది. ఆ గంట మ్రోగినప్పుడు గాని, అంతవఱకు ఒకే బల్లచెంత కూర్చుండిన ఇద్దఱు మిత్రులలో ఎవరు స్వతంత్రుడో ఎవరు బందీయో చూచువారికి తెలియకుండెడిది.

ఆటలలో మిక్కిలి పేరుపొందినది రాకెట్సు. ఎత్తైన గోడ, దానిముందు చదునైన నేల, కొట్టుటకు తగిన రాకెట్టు, గట్టి బంతి, వీనితోపాటు ఎంత ఆడినను తఱుగని కాలము. ఇవన్నియు ఋణగ్రస్తుల చెరసాలలో సమృద్ధిగా నుండుటచే, ఫ్లీట్‌లోను, థేమ్సునదికి దక్షిణమున సౌత్‌వార్కులోనున్న కింగ్సు బెంచి చెరసాలలోను ఆ క్రీడ పెంపొందెను. దొరలబిడ్డలు చదివెడి పాఠశాలలకు అది అటుపిమ్మట ప్రాకెను; పందొమ్మిదవ శతాబ్దమున హారో పాఠశాల విద్యార్థులు మెత్తని బంతితో దానిని ఆడుటతో స్క్వాషు అను క్రీడ పుట్టెను. నేడు మన నగరములలోని క్లబ్బులయందు తెల్లని దుస్తులు ధరించి ఆ యాట నాడువారిలో, దాని పూర్వచరిత్ర అప్పులవారి గోడలమీద వ్రాయబడియున్నదని ఎందఱెఱుగుదురో చెప్పజాలము.

ఆటకు వెల లేకపోయినను, ఆటపిదప దాహమునకు వెల యున్నది. బీరు అంగడిని, కాఫీగదిని, ఖైదీల గదులలో రెండింటిని, కావలివాని గదియు అల్లరివాండ్రను మూయు కొట్టును తప్ప నేలమాళిగ నంతటిని ఒక పానవిక్రేత గుత్తకు తీసికొనియుండెను. మిగిలియున్న గుత్తకాలమును అతడు 1775లో బహిరంగముగా వేలములో పాడుకొన్నవాడు. ఆ యేర్పాటులో ఖైదీ ఎంత త్రాగిన గుత్తదారునకు అంత లాభము. గుత్తదారునకు ఎంత లాభమైన ఆ గుత్తకు అంత ధర. తుదకు ఆ ధర చేరునది చెరసాల నేలుబడి చేయువారికే. బయటివారిని లోనికి రానిచ్చుటలోని ఔదార్యమునకు కారణమిదియే. మాంసవిక్రేత వచ్చి స్కిటిల్సు ఆడినచో, ఓడినవాడు గెలిచినవానికి బీరు ఇప్పింపవలెను. అప్పు చెల్లింపలేనివాడని బంధింపబడినవాని కండ్లయెదుటనే, గోడలకు లోపలనే, వాని కడపటి పెన్నీని వ్యయపెట్టించెడి అంగడిని నడపుట ఆ న్యాయమునకు అసంగతముగా తోచకపోవుట విడ్డూరము.

అయినను, మనుజులు పదిమంది ఒకచోట చేరినప్పుడు కేవలము త్రాగుచు ఆడుచు ఉండిపోరు. తమకొక కట్టుబాటు కల్పించుకొందురు. ఫ్లీట్ ఖైదీలు నెలకొకమారు తమలోనుండి ఒక సంఘము నెన్నుకొనెడివారు. దానికి అధ్యక్షుడు, కార్యదర్శి, ప్రతి గురువారము సమావేశము, చాటింపునకొక మనిషి. ఈ సంఘము చందాలు విధించును, తగవులు తీర్చును, జరిమానాలు వేయును, చెల్లింపనివాని సామాను జప్తుచేయును. సంఘమువారి పాకీమనిషి ప్రతియుదయము ఎనిమిదిగంటలకు లోపుగా నడవలు చిమ్మి నీరు చల్లవలెను, వారమునకొకమారు కడుగవలెను, దీపములు వెలిగింపవలెను. దీపము పగులగొట్టినవానికి షిల్లింగు జరిమానా. బూతులాడినను, అల్లరిచేసినను, త్రాగి తూలినను సంఘమువారి యిష్టానుసారము దండన. క్రొత్తగా వచ్చినవాడు మొదటి ఆదివారమున 2 షిల్లింగులు ఇచ్చుకొనవలెను, అది ద్రాక్షసారాయికి. మఱి 1 షిల్లింగు 6 పెన్నీలు చెరసాల సామాన్యవ్యయమునకు. స్వాతంత్ర్యము కోల్పోయినవారు సైతము ఇట్లు ఒక చిన్న పురపాలక సంఘమును నిర్మించుకొని, చెత్త ఎక్కడ పోయవలెనో దీపము ఎవరు పెట్టవలెనో తీర్మానించుకొనుట మానవస్వభావమునందు మనకు నమ్మకము కలిగించు విషయము.

కాని, ఆ నిబంధనలనే తుదవఱకు చదివినచో ఆ నమ్మకమునకు గట్టిదెబ్బ తగులును. సామాన్యవిభాగమునకు చెందిన పేద ఖైదీలు తమ గదులలోనే యుండవలెననియు, ఈ శాసనకర్తలతో కలసి మెలగరాదనియు అందులో నొక నియమము! చెరసాలలో రెండు విభాగములు కలవు: అద్దె చెల్లించువారి దొకటి, తమకున్న యావదాస్తి 5 పౌన్ల వెలయైనను చేయదని ప్రమాణము చేసినవారిది రెండవది. ఈ రెండవవారికి అద్దె లేదు, గోష్ఠి లేదు, సంఘములో పలుకు లేదు. అప్పు తీర్పలేదను ఒకే నిందతో ఒకే కప్పుక్రిందకి వచ్చినవారిలో, పది షిల్లింగులున్నవారు పది పెన్నీలున్నవారిని వెలివేయుటకు నిబంధన వ్రాసికొనిరి. గోడ బయటి లోకము వారిని దేనికి బంధించినదో, గోడలోపల వారు తమకంటె పేదలను దానికే బంధించిరి.

ఆ పేదలకు మిగిలిన ఆధారము భిక్ష. వీథివైపున ఇనుపకమ్ముల కిటికీ యొకటి యుండెను. దానివెనుక వంతులవారీగా ఒక ఖైదీ నిలిచి, పేద ఋణగ్రస్తులను తలచుకొనుడని దారినపోవువారిని వేడుకొనెడివాడు. పెట్టెలో పడిన పైకమును తోడివారు పంచుకొనెడివారు. 1759లో జరిగిన యొక శాసనము, నిరుపేదయైన బాకీదారుని విడువనొల్లని ఋణదాత వాని పోషణకు దినమునకు 4 పెన్నీలు చెల్లింపవలెనని విధించినది. చూచుటకు ఇది న్యాయమే. కాని, ఆ 4 పెన్నీలకై దరఖాస్తు పెట్టుకొనుటకును వకీలును పిలుచుకొనుటకును అయ్యెడి వ్యయము భరింపలేక, దేశమంతటను ఆ పైకమును పొందగలిగినవారు బహుస్వల్పమని హోవర్డు కనుగొనెను. సోమవారపు గోష్ఠిలోని పాటలు ఈ గదులకు వినబడియే యుండును.

గోడల వెలుపలి హద్దులనుగూర్చి మునుపు చెప్పితిని. లడ్‌గేటు కొండకును ఓల్డు బెయిలీ వీథికిని నడుమనున్న ఆ ప్రాంతమున, శతాబ్దపు పూర్వార్ధమున, ఒక వింత వ్యాపారము సాగెను. అప్పులపాలై ఫ్లీట్‌కు చేరిన మతాచార్యులు, చర్చి విధించెడి దండనలకు జంకవలసినంత ఆస్తిగాని పదవిగాని తమకు లేకుండుటచే, ముందస్తు ప్రకటన లేకయే, తల్లిదండ్రుల సమ్మతి విచారింపకయే, అడిగినవారికి అడిగినవేళ వివాహము చేసిపెట్టుచుండిరి. పానశాలల వాకిళ్లయందు కలిసిన రెండు చేతుల బొమ్మ వ్రేలాడుచుండెడిది. దారినపోవువారిని లోనికి వచ్చి పెండ్లాడుడని పిలుచుటకు మనుష్యులుండెడివారు. నావికులు, పనివాండ్రు, పారిపోయి వచ్చిన ప్రేమికులు, ఆస్తిగల కన్యను మోసగించి తెచ్చిన ధూర్తులు, అందఱును అక్కడికే. 1753లో హార్డువిక్ ప్రభువు తెచ్చిన వివాహశాసనము మఱుసటియేడు అమలులోనికి వచ్చుటతో ఈ వ్యాపారము ముగిసెను. పని నిషేధింపబడినచోట మనుష్యులు తమకు తెలిసిన విద్యను ఎట్టి రూపముననైనను అమ్ముకొందురనుటకు ఇదియొక తార్కాణము.

విద్యను ఉత్తమరూపమున వినియోగించినవారును లేకపోలేదు. నౌకాసేనాని యొకనిని నిందించిన నేరమునకు కింగ్సు బెంచిలో ఖైదైన నవలారచయిత టోబియాస్ స్మాలెట్టు అక్కడినుండియే తన పత్రికకు రచనలు సాగించెను. మన దేశమునకు వచ్చినచో, కలకత్తాలో 1776లో అప్పులకై చెరబడిన జేమ్సు అగస్టసు హికీ, చెరసాలలోనే అచ్చుపని మొదలిడి, విడుదలపిదప 1780 జనవరి 29న భారతదేశమున మొట్టమొదటి వార్తాపత్రికను వెలువరించెను. మరుసటియేడు వారన్ హేస్టింగ్సుపై వ్రాతలకు మరల చెరబడి, అక్షరములు జప్తగువఱకు చెరనుండియే దానిని నడపెను. సర్కారు పైకమునకు జవాబు చెప్పలేక గోల్కొండ చెరలో పడిన కంచెర్ల గోపన్న కీర్తనలు వినుచు పెరిగిన మనకు, బందీయైనవాడు రచన చేయుట వింత కాదు. కాని, ఒక గోపన్నను, ఒక స్మాలెట్టును చూచి చెరసాల ప్రతిభకు పొలమని భ్రమింపరాదు. ఏదియు వ్రాయజాలక, ఆడుటకు ఓపిక నశించి, కాఫీగదిలో అప్పునకు కూడ చోటులేక నడవలో పచార్లు చేసినవారి సంఖ్యయే అధికము. వారి పేర్లు మనకు మిగులలేదు.

1780 జూను మాసమున లండనులో గార్డను అల్లరులు చెలరేగినప్పుడు, మూకలు ఫ్లీట్‌ను, కింగ్సు బెంచిని తగులబెట్టెను. ఫ్లీట్ వాసులకు ముందుగా కబురుపెట్టి, సామాను తరలించుకొనుటకు వ్యవధి నిచ్చిరని చెప్పుదురు. తాళములు విరిగినవి, బందీలు వీథిలో నిలిచిరి. కాని అప్పు కాలిపోలేదు. కొలదికాలములోనే ఫ్లీట్ మరల కట్టబడెను, మరల నిండెను. గోడలను కూల్చినంతమాత్రమున ఫ్లీట్ కూలదు. దానిని నిలిపినది ఋణదాత చేతిలోని కాగితము.

హోవర్డు కృషి వృథా కాలేదు. ఆయన సాక్ష్యమువలన 1774లోనే పార్లమెంటు, నిర్దోషులని తేలినవారిని రుసుముకై ఆపరాదనియు, చెరసాలల గోడలకు సున్నము వేయించి గాలి ఆడనీయవలెననియు శాసనములు చేసెను. ఆయన కోరినది శుభ్రత, క్రమము, మద్యనిషేధము, పని, ప్రార్థన. అవి వచ్చినవి, అయితే వచ్చుటలో మఱొకచివరకు పోయినవి. 1842లో ఫ్లీట్ చెరసాలను మూసివేసిరి. అదేయేట లండనులోనే పెంటన్‌విల్ అను క్రొత్త కారాగారము తెఱువబడెను. అది అప్పులవారికొఱకు కాదు, నేరస్థులకొఱకే. కాని క్రొత్తయుగము చెరసాలను ఎట్లు భావించెనో అందు స్పష్టము. ఒక్కొక్కనికి ఒక్కొక్క గది; మాట నిషిద్ధము; వ్యాయామమునకు వెలికి వచ్చినప్పుడు ముఖము కనబడకుండ ముసుగు; ప్రార్థనామందిరమునగూడ తోడివాడు కనబడకుండ అడ్డుపలకలు. శుభ్రముగా కడిగిన ఆ మౌనములో మతి చలించినవారు కలరు. ఫ్లీట్‌లో పనిలేని సాంగత్యము. పెంటన్‌విల్‌లో సాంగత్యములేని పని. రెండింటిలో నేది మేలని అడిగినచో, శరీరము ఒకదానిని, మనస్సు వేఱొకదానిని చూపునేమో!

ఇంగ్లండున 1869లో జరిగిన శాసనముతో అప్పునకై చెర చాలవఱకు తొలగిపోయెను. మన దేశమునందు 1908వ సంవత్సరపు సివిలు ప్రొసీజరు కోడులో, డబ్బుడిక్రీ అమలులో బాకీదారుని సివిలుజైలుకు పంపెడి నిబంధన నిలిచియున్నది. మన జిల్లాలలో కోర్టుపక్షి యగు ప్రతివ్యక్తియు దానిని ఎఱుగును. కాని దానికి కట్టిన గట్లను చూడుడు: డబ్బుడిక్రీకై స్త్రీని నిర్బంధింపరాదు, డిక్రీదారు బాకీదారుని భోజనభత్యమును ముందుగా కోర్టులో కట్టిన గాని అరెస్టు జరుగదు, నిర్బంధమునకు చట్టమే ఒక గరిష్ఠపరిమితి విధించినది. ఆ గడువు తీరినంతనే, అప్పు తీరినను తీరకున్నను, తలుపు తెఱచి పంపవలెను. ఫ్లీట్ ఖైదీలకు ఆటలు కొదువ కాలేదు. మిత్రులు కొదువ కాలేదు. చేతిలో పైకమున్నచో మధువును కొదువ కాలేదు. వారికి కొదువయైనది విడుదల దినమొక్కటియే. ఆ దినమును ఋణదాత కోపతాపములకు విడువక, చట్టము తానే నిర్ణయింపవలెనను సామాన్యధర్మము శాసనమున కెక్కుటకు ఇన్ని తరములు పట్టినది. కోర్టు అమీనా ఒక పేదరైతు గడపయెదుట నిలిచిన ప్రతిసారియు, ఆ ధర్మమును గుర్తుచేయుట న్యాయవాదియొక్కయు, న్యాయమూర్తియొక్కయు విధియే కాక, చూచుచున్న ఇరుగుపొరుగువారి విధియు నగును.